పరిశోధన పత్రంలో నాలుగో పేరు

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక జనవరి నెలలో, వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్ర గ్రంథాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా ఉన్న నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. పదోన్నతి కోరే శాస్త్రవేత్తల దరఖాస్తులకు జతచేసే 'పరిశోధన ప్రభావ నివేదిక'ను తయారుచేసి, సరిచూసి, సంతకం పెట్టాలి. ఆ రోజు డైరీలో "కొత్త పని, పాత కుర్చీ" అని మాత్రం రాసుకున్నాను.

గ్రంథాలయ ఉద్యోగం అంటే పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దడమని మా బంధువుల్లో చాలామంది నమ్మకం. ఆర్మూర్‌లో మా పెద్దన్న నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే ఇప్పటికీ "పుస్తకాల ఇన్‌ఛార్జి" అనే చెబుతాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అది చాలావరకు నిజమే. కంప్యూటర్లు వచ్చాక మా పని మారింది. ఒక శాస్త్రవేత్త రాసిన పత్రాన్ని తర్వాతివాళ్లు తమ పత్రాల్లో ఆధారంగా చూపితే దాన్ని సైటేషన్ అంటారు. ఏ పత్రానికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్పే డేటాబేసులు వచ్చాయి. వాటిని నడపడం తెలిసినవాళ్లు గ్రంథాలయంలోనే ఉన్నారు కాబట్టి ఆ లెక్క మా మెడకు పడింది.

చదివేవారి కోసం ఆ లెక్క ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ముందుగా శాస్త్రవేత్త పేరు మీద డేటాబేసు చూపించే పత్రాలన్నీ దించుకుంటాం. అదే పేరున్న ఇంకొకరి పత్రాలు అందులో కలిసిపోయి ఉంటే ఏరి తీసేస్తాం. తన పత్రాన్ని తానే చూపుకున్న సైటేషన్లను విడిగా పెడతాం. ఆ తర్వాత హెచ్-ఇండెక్స్ కడతాం. ఒకరికి పది పత్రాలుండి, వాటిలో నాలుగింటికి కనీసం నాలుగేసి సైటేషన్లు వచ్చి, ఐదింటికి ఐదేసి రాకపోతే ఆయన హెచ్-ఇండెక్స్ నాలుగు. చివరగా ఎవరెవరితో కలిసి పనిచేశారో చూపే పటం గీస్తాం. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క, కలిసి పత్రం రాసినవారి మధ్య ఒక గీత. కొందరి పటం అల్లిన బుట్టలా ఉంటుంది, కొందరిది తెగిన దారంలా ఉంటుంది.

మా విశ్వవిద్యాలయంలో వీటికి మార్కులుండేవి. ఒక్కో పత్రానికి ఇన్ని మార్కులని ఉండేవి. వాటిని రచయితలందరికీ సమానంగా పంచాలి. బయటి సంస్థలవారితో కలిసి పనిచేస్తే దానికి వేరుగా అదనపు మార్కు. ఇవన్నీ కలిపి ఒక గీత దాటితేనే సీనియర్ సైంటిస్టు ప్రిన్సిపల్ సైంటిస్టు అవుతారు. దాటకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆ విడతలో వచ్చిన దరఖాస్తుల్లో డాక్టర్ సుజాతది ఒకటి. ఆమె మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. సొంతూరు ధర్పల్లి. పసుపు పంటకు వచ్చే దుంపకుళ్ళు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. దుంపకుళ్ళు పడితే ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, తవ్వి చూస్తే కొమ్ము చేతిలోనే నలిగిపోతుంది. మా వైపు పసుపు వేసేవారికి ఈ వర్ణన అవసరం లేదు.

ఆమె పత్రాల్లో ఒకదానికి మిగతావన్నీ కలిపినా రానన్ని సైటేషన్లు వచ్చాయి. రైతు పొలంలో మూడేళ్లు చేసిన ప్రయోగం అది. దానికి నలుగురు రచయితలు. మొదటి పేరు సుజాతది. రెండోది ఆమె సహోద్యోగిది. మూడోది పరిశోధన స్థానం అధిపతిది. మా వ్యవస్థలో అధిపతి పేరు దాదాపు ప్రతి పత్రంలోనూ చేరేది, దాన్ని ఎవరూ ప్రశ్నించేవారు కాదు. నాలుగో పేరు ముత్తెన్న. పేరు కింద డిగ్రీ లేదు, హోదా లేదు. 'రైతు, ఆలూర్' అని మాత్రం ఉంది.

డేటాబేసుకు మనుషుల సంగతి తెలియదు. ప్రతి రచయితకూ ఒక సంస్థ ఉండాలి కాబట్టి అది ఆలూర్‌ను సంస్థగా నమోదు చేసుకుంది. ముత్తెన్నకు ఒక పేజీ తెరిచి, హెచ్-ఇండెక్స్ ఒకటి అని రాసింది. పటంలో ఆ ఒక్క పత్రం తాలూకు గీతలతో వేలాడుతూ, మిగతావాటికి దూరంగా ఒక చుక్క కనిపించింది. 'ఆలూర్' అనే బయటి సంస్థతో కలిసి పనిచేసినందుకు సుజాతకు అదనపు మార్కు కూడా పడింది.

స్క్రీనింగ్ కమిటీకి డీన్ గారు అధ్యక్షులు. కోపిష్టి కాదు, పక్షపాతి అంతకన్నా కాదు. కానీ పని చేయనివారి పేర్లను మొహమాటానికో లాభానికో పత్రాల్లో చేర్చే అలవాటు మీద ఆయనకు చాలా పట్టుదల ఉండేది. అలాంటి పేరు ఉందని తేలితే ఆ పత్రాన్ని లెక్కలోంచి తీసేసే అధికారం కమిటీకి ఉంది. ఆయన పటంలో ఆ ఒంటరి చుక్క మీద వేలు పెట్టి, ఈ సంస్థ ఎక్కడుంది అని అడిగారు. అది సంస్థ కాదని, మా ఆర్మూర్ పక్కన ఊరని చెప్పాను. బయటి సహకారం మార్కు కోసం రైతు పేరు చేర్చారా అన్నది ఆయన తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్నకు నేను అక్కడే లెక్క వేసి చూపించాను. నాలుగో పేరు వల్ల పత్రం మార్కుల్లో ఆమె వాటా మూడో వంతు నుంచి నాలుగో వంతుకు పడిపోయింది. అదనపు మార్కు వల్ల వచ్చినదానికన్నా పోయింది ఎక్కువ. మార్కుల కోసమైతే ఆ పేరు పెట్టడం తెలివితక్కువ పని. డీన్ గారు అంకెలు చూసి తల ఊపారు. అయినా రైతు ఏం చేశాడన్న ప్రశ్న అలాగే ఉందన్నారు. పొలం ఇచ్చినవారికి పత్రం చివర కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ, రచయితను చేయడం కాదు.

ఆయనే ఒక దారి చూపారు. ఆ పేరు మర్యాద కోసం చేర్చిందని సుజాత ఒక వాక్యం రాసి సంతకం పెడితే చాలు. పత్రాన్ని ముగ్గురిదిగా లెక్కిస్తారు, ఆమె వాటా పెరుగుతుంది, గీత సునాయాసంగా దాటుతుంది. ఈ మాట ఆమెకు చేరవేసే పని నాకు అప్పగించారు.

ఆమె ఫోన్లో అంతా వింది. తర్వాత అడిగింది.

"సర్, మర్యాద కోసం అని రాస్తే అబద్ధం అయితది కదా?"

"అయితే ఆయన ఏం చేశాడో రాసి పంపమ్మా" అన్నాను.

"రాస్తే మీ కమిటీ నమ్మదు సర్. మీది ఆర్మూరే కదా, ఒకసారి పోయి ముత్తెన్ననే అడగండి. నేను మాత్రం సంతకం పెట్టను."

ఆమె గొంతులో ధిక్కారం లేదు. కానీ ఆ పత్రం పోతే పదోన్నతి ఆ ఏడాదికే కాదు, ఇంకొన్నేళ్లకు కూడా రాదని మా ఇద్దరికీ తెలుసు. అన్ని సైటేషన్లున్న పత్రం ఆమెకు ఇంకొకటి లేదు. పైగా మర్యాద పేర్లు చేరుస్తుందన్న మచ్చ ఫైలులో నిలిచిపోతుంది.

లైబ్రేరియన్ విచారణ కోసం పర్యటనకు వెళ్లడం మా విశ్వవిద్యాలయంలో అంతకుముందు జరగలేదు. టూర్ ఆర్డర్‌లో పర్యటన ఉద్దేశం ఏమని రాయాలో అకౌంట్స్ విభాగంలో ఎవరికీ తెలియలేదు. చివరకు 'సహరచయిత ధ్రువీకరణ' అని రాసి ఇచ్చాను.

ఆర్మూర్‌లో అది పసుపు అమ్మకాల కాలం. బస్సు దిగేసరికి గాలిలోనే ఆ వాసన. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ముల వాసన ఊళ్లో ఉన్నవాళ్లకు తెలియదు, బయటి నుంచి వచ్చినవాళ్ల ముక్కుకే తగులుతుంది. ముత్తెన్న ఎక్కడ దొరుకుతాడని మా పెద్దన్నను అడిగితే, ఇంట్లో కాదు, విఠల్ సేటు అడ్తి దుకాణంలో ఉంటాడన్నాడు. అడ్తి అంటే రైతు తెచ్చిన సరుకును తన దుకాణంలో దింపించి, కొనేవారికి చూపించి, అమ్మిపెట్టే కమిషన్ వ్యాపారం. రైతుకు మంచి పేరైనా చెడ్డ పేరైనా ముందు అక్కడే తయారవుతుంది.

దుకాణంలో కొమ్ముల కుప్పల మధ్య మూడు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో సేటు. అతని తల వెనక గోడకు, దేవుడి పటాల పక్కన, అద్దం బిగించిన ఫ్రేము ఒకటి వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది నా ఫైల్లో ఉన్న పత్రం మొదటి పేజీ. ఇంగ్లీషు పేజీ. నాలుగో పేరు కింద ఎవరో పసుపు రంగుతోనే గీత గీశారు.

నేను వచ్చిన పని చెప్పాను. సేటు గట్టిగా నవ్వి లోపలికి కేకేశాడు.

"ఓ సైంటిస్టు సాబ్! నీ కోసం హైదరాబాద్ కెల్లి సారొచ్చిండు. నువ్వు రాసిన పరీక్షల తప్పులు దొరికినయట!"

కొమ్ములు తిరగేస్తున్న మనిషి లేచి తువ్వాలతో చేతులు దులుపుకుంటూ వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మీసం మాత్రం నిండుగా ఉంది.

"నవ్వకు సేటూ. నీ దుకాన్ల గోడ మీద నా పేరుంది గని, నీ పేరు ఏ గోడ మీదుంది?"

"నా పేరు బయట బోర్డు మీదున్నది గదనే!"

"గది పెయింటర్ రాసిండు. నాది అచ్చేసిన్రు."

నాకు టీ తెప్పించారు. నేను ముత్తెన్నను నేరుగా అడిగాను, ఈ పత్రంలో మీ పేరు ఎందుకు వేశారని.

"నేనే ఎయ్యమన్న సారూ" అన్నాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. అడిగి పేరు వేయించుకున్నాడంటే డీన్ గారి అనుమానమే నిజమైనట్టు. అంతటితో లేచి రావచ్చు. ఎందుకు అడిగారని ఇంకో ప్రశ్న వేశాను.

ముత్తెన్న కుర్చీ నాకు దగ్గరగా జరుపుకున్నాడు.

"నా చెల్క రోడ్డు పొంటి ఉంటది సారూ. బస్సు ఆగే జాగ. పొద్దందాక జనమే. గీ మేడం వచ్చి నాలుగు మడులకు మందు కొడుదాం, ఒక్క మడికి మాత్రం ఏ మందు ముట్టియ్యద్దు అన్నది. సరే అన్న. ఏమైతది అనుకున్న. మల్ల వానలల్ల గా మడికి కుళ్లు పట్టింది. ఆకులు మాడిపోతున్నయ్. బస్సు దిగినోడల్లా సూసుడే. మా బామ్మర్ది అయితే నలుగుర్ల నిలవడి, ఏం బావా, మందు కొట్టుడు గిట్ట మర్శిపోయినవా అన్నడు. గీ సేటు ఏమన్నడో అడుగుండ్రి."

సేటు ముఖం కాస్త పక్కకు తిప్పుకున్నాడు. "ముత్తెన్నకు శాతనైతలేదు, చెల్క కౌలుకు ఇస్తడేమో అన్న. అందరు అన్నదే నేనన్న."

"ఇన్నరా? నలభై ఏండ్ల సంది పసుపు ఏస్తున్న. నాకు శాతగాదట! ఒకనాడు పొద్దుగాల మందు కలిపి పంపు భుజానేసుకున్న. ఇగ ఆ మడికి కొట్టుడే. మేడం జీపు దిగి ఉరికొచ్చింది. ముత్తెన్నా, నువ్వు దీనికి మందు కొడితే మిగతా నాలుగు మడులకు అర్థం లేదు, మందుతోని బాగైందా, ఊకెనే బాగైందా ఎట్ల ఎరుకైతది అన్నది. పంట నష్టం యూనివర్సిటీ కట్టిస్తదట. ఇజ్జత్ నష్టం ఎవరు కట్టిస్తరు అన్న. గప్పుడు చెప్పిన. గీ మడిని ముత్తెన్న శాతగాక కాదు, కావాలనే ఖరాబ్ చేసిండు అని మీ బుక్కుల రాయండి. నా పేరు అచ్చెయ్యండి. అట్లయితే ఒక్క ఏడు కాదు, మూడేండ్లు ఇడిసిపెడుత."

మూడేళ్లూ అతను మాట మీద నిలబడ్డాడు. రోడ్డు పక్కన, బస్సు ఆగే చోట, ప్రతి వానాకాలం ఒక మడి కళ్లముందే కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. ప్రయోగ భాషలో దాన్ని కంట్రోల్ అంటారు. ఏ మందూ వాడని మడి లేకపోతే మందు పనిచేసిందని రుజువు చేయలేం. మా వైపు రైతుల పొలాల్లో చేసిన ప్రయోగాలు చాలావరకు ఇక్కడే విఫలమయ్యేవి. రైతులు ఒప్పుకునేవారు, తర్వాత ఎవరూ చూడని పూట ఆ మడికి కూడా మందు కొట్టేసేవారు. మోసం చేయాలని కాదు. పంట చెడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం వాళ్లవల్ల కాదు.

నా దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. రచయిత అన్నవాడు పత్రాన్ని అచ్చుకు ముందే చదివి ఒప్పుకోవాలన్నది నియమం. ఇంగ్లీషు పత్రాన్ని మీరు ఎలా చదివారని అడిగాను.

"నేనేడ సదువుత? మేడం గీ కుర్చీలనే కూసొని మొత్తం తెలుగుల చెప్పింది. రెండు దినాలు చెప్పింది. ఒక్క కాడ నాకు మంచిగ అనిపియ్యలే."

"ఎక్కడ?"

"మందు వాడని మడి అని రాసి ఊకున్నరు. గట్ల రాస్తే ఏమనుకుంటరు? ముత్తెన్న దాన్ని గాలికి ఇడిశిండు అనుకుంటరు. నేను దానికి కలుపు తీసిన. అన్నిటికి పెట్టినన్నే నీళ్లు పెట్టిన. ఎరువు ఏసిన. మురుగు కాల్వ తీసిన. మందొక్కటే కొట్టలే. గదంత రాయాలె అన్న. మేడం రాసింది."

సేటు అందుకున్నాడు. "గా ఒక్క ముక్క కోసం నా దుకాన్ల పొద్దు గూకెదాక లొల్లి సారూ. గిరాకీ అంత పోయింది."

బయలుదేరే ముందు, కమిటీ ఏం అంటోందో ముత్తెన్నకు చెప్పక తప్పలేదు. అతని పేరు వల్ల సుజాత పదోన్నతి ఆగవచ్చని విన్నాక అతని మీసం కింద పెదవి కదిలింది. లేచి గోడ దగ్గరికి వెళ్లి ఫ్రేమును చేత్తో తుడిచాడు.

"తీసేయుండ్రి" అన్నాడు. "ఇప్పుడందరికి ఎరుకైంది గదా. మేడంకు నౌకరి పెరగాలె. నా పేరు తీసేయుండ్రి."

అచ్చయిన పత్రంలోంచి పేరు తీయాలంటే రచయితలందరూ సంతకాలు పెట్టి కారణం చూపి సంపాదకుడికి రాయాలని, పదోన్నతి కోసం అన్నది కారణంగా పనికిరాదని వివరించాను. అతనికి అర్థమైందో లేదో తెలియదు. వాతావరణం తేలికపరచడానికి డేటాబేసులో అతని హెచ్-ఇండెక్స్ ఒకటని, నాదీ ఒకటేనని చెప్పాను. నాకు అప్పటికి పత్రాలు మూడున్నాయి, కానీ వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

"అయితే మనిద్దరం ఒక్క తీరే" అన్నాడు ముత్తెన్న. సేటు నాకు ఇంకో టీ చెప్పాడు.

తిరిగి వచ్చాక అసలు పని మొదలైంది. ముత్తెన్న చెప్పింది నిజమని నాకు తోచింది, కానీ తోచడం నివేదిక కాదు. అప్పటివరకు నేను సైటేషన్లను లెక్కపెట్టాను తప్ప, ఎవరు దేనికోసం ఆ పత్రాన్ని చూపారో చదవలేదు. నేనే కాదు, మా వృత్తిలో దాదాపు ఎవరూ చదవరు. అంత తీరిక ఉండదు. ఈసారి ఆ పత్రాన్ని ఉదహరించిన పత్రాలన్నిటినీ తెప్పించాను. కొన్ని మా గ్రంథాలయంలోనే ఉన్నాయి, కొన్నిటికి వేరే గ్రంథాలయాలకు రాశాను. ప్రతిదాంట్లో సుజాత పత్రం ప్రస్తావన ఉన్న వాక్యాన్ని వెతికి, దేనికోసం చూపారో పక్కన రాసుకుంటూ వచ్చాను.

కొందరు మామూలుగా, పసుపులో దుంపకుళ్ళు తీవ్రమైన సమస్య అన్న మాటకు ఆధారంగా ఇచ్చారు. అలాంటి సైటేషన్లు మర్యాదకు పెట్టే నమస్కారం లాంటివి. సుజాత వాడిన మందు విషయంలో చూపినవారు కొద్దిమందే, ఎందుకంటే అంతకన్నా మంచివి తర్వాత వచ్చాయి. ఎక్కువమంది చూపింది మందు వాడని మడి లెక్కను. అల్లం మీద పనిచేసేవారు, తెగులు వ్యాప్తికి గణిత నమూనాలు కట్టేవారు, వేరే రాష్ట్రాల్లో పసుపు మీద పనిచేసేవారు కూడా అదే చూపారు. ఏ మందూ లేకపోతే రైతు పొలంలో కుళ్లు ఎంత వేగంగా పాకుతుందో చెప్పే మూడేళ్ల లెక్క వాళ్లకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ లెక్కను ఎందుకు నమ్మవచ్చో చెబుతూ వాళ్లలో చాలామంది ఒకే వాక్యాన్ని ప్రస్తావించారు. మిగతా సాగు పనులన్నీ అన్ని మడులకూ ఒకేలా చేశారన్న వాక్యాన్ని.

సేటు దుకాణంలో పొద్దుగూకేదాకా లొల్లి జరిగిన ముక్క అది.

ముత్తెన్న ఆ వాక్యాన్ని శాస్త్రం కోసం అడగలేదు. బస్సు దిగేవాళ్లు, బామ్మర్ది, సేటు తనను చేతకానివాడు అనుకోకూడదని అడిగాడు. ఆ సంగతి నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను. దాన్ని పెద్ద జ్ఞానంగా చూపించలేదు. నియమం ప్రకారం రచయితకు ఉండాల్సినవి రాసి, వాటికెదురుగా అతను చేసింది రాశాను. సమాచారం తయారుకావడంలో పాత్ర: ఉంది. పత్రంలోని విషయాన్ని మార్చిన సూచన: ఉంది. అచ్చుకు ముందు విని ఒప్పుకోవడం: ఉంది. ఉదహరించిన పత్రాల్లోని వాక్యాలను అనుబంధంగా జతచేశాను.

కమిటీ సమావేశానికి నన్ను పిలిచి కూర్చోబెట్టారు. డీన్ గారు అనుబంధాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఇక ఆ పేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక సభ్యుడు మాత్రం మూడో పేరు, అంటే పరిశోధన స్థానం అధిపతి, ఇలాంటి పరీక్షకు నిలబడతారా అని నెమ్మదిగా అడిగాడు. అది ఈ సమావేశం ఎజెండాలో లేదని డీన్ గారు నవ్వుతూనే ఆ మాట అక్కడితో ఆపారు. పత్రాన్ని నలుగురి పేరు మీదే లెక్కించాలని నిర్ణయించారు.

అంతా అయిపోయిందనుకుంటుండగా ఆయన నన్ను ఇంకొకటి అడిగారు. ఆలూర్ బయటి సంస్థేనా అని. గ్రామం సంస్థ కాదు. డేటాబేసు పొరపాటును మార్కుగా ఉంచడం నా సంతకం ఉన్న నివేదికలో కుదరదు. తీసేయాల్సిందేనని చెప్పాను. ఆ అదనపు మార్కు పోవడంతో సుజాత గీతకు కొద్దిగా కింద ఆగిపోయింది. ఆ ఏడాది ఆమెకు పదోన్నతి రాలేదు.

నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె ముందు అడిగింది పత్రం సంగతి.

"పేరు ఉంచిన్రా సర్?"

ఉంచారని చెప్పాను.

"అయితే చాలు సర్. వచ్చే ఏడు సూసుకుందాం. ముత్తెన్న నిన్న ఫోన్ చేసి నా పేరు తీసేయు బిడ్డా అని ఒకటే గొడవ. తీసేస్తే ఆ మడిని ఎవరు ఖరాబ్ చేసినట్టు ముత్తెన్నా అని అడిగిన. ఫోన్ పెట్టేసిండు."

మరుసటి విడతకు ఆమె పత్రాలు ఇంకో రెండు అచ్చయ్యాయి. గీత దాటింది, ప్రిన్సిపల్ సైంటిస్టు అయింది. ఆ నివేదికా నేనే తయారుచేశాను. దాంట్లో వింతలేమీ లేవు, త్వరగా ముగిసింది.

పదవీ విరమణ తర్వాత ఆర్మూర్‌లో స్థిరపడ్డాను. గుట్ట వైపు నడకకు వెళ్లి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు సేటు దుకాణంలో ఆగుతాను. ఫ్రేము ఇంకా అక్కడే ఉంది, అద్దం మీద పసుపు పొడి పేరుకుంటే ముత్తెన్నే తుడుస్తాడు. కిందటి ఏడాది సుజాత అతని చెల్కలోనే ఇంకో ప్రయోగం చేసింది. కొత్త రకాలను పోల్చి చూసే ప్రయోగం, కాబట్టి ఈసారి ఏ మడీ చెడాల్సిన పనిలేదు. పత్రం రాసేటప్పుడు ఆమె అతని పేరు వేయనా అని అడిగిందట. అతను వద్దన్నాడు.

ఎందుకు వద్దన్నారని అడిగాను.

"ఏం చేసిన సారూ నేను? ఇత్తనాలు మేడంవి, కూలోళ్లను మేడమే తెచ్చింది. నా చెల్క పచ్చగుంది. ఎవరన్న నన్ను ఏమన్న అన్నరా? నా పేరెందుకు?"

"ఊకెనే వస్తుంటే వద్దంటవా? పిస్సోడా" అన్నాడు సేటు.

"ఊకెనే వస్తే అది గోడకు పెట్టేది కాదు సేటూ."

ఉద్యోగంలో మిగిలిన ఆ రెండేళ్లలో నేను చేసిన ప్రతి నివేదికలో అంకెల కింద ఒక పేరా కలిపాను. ఆ పత్రాన్ని ఎవరు, దేనికోసం ఉపయోగించుకున్నారో చెప్పే పేరా. దానికి చాలా చదవాల్సి వచ్చేది, అందుకే ఒక్కొక్కరి విషయంలో ముఖ్యమైన పత్రం ఒకటి రెండింటికే చేయగలిగాను. నా తర్వాత వచ్చినవారు దాన్ని కొనసాగించలేదని విన్నాను. వాళ్లను తప్పుపట్టను, పని ఎక్కువ. కానీ సైటేషన్ల సంఖ్య ఎంతమంది వచ్చారో చెబుతుంది, ఏం తీసుకుపోయారో చెప్పదు. రచయితల వరుసలో ఒక పేరు ఉండాలా వద్దా అని నన్ను ఎవరైనా అడిగితే, ఆ మనిషి లేకపోతే పత్రంలో ఏది ఉండేది కాదో ఒక వాక్యంలో చూపించమంటాను. చూపించగలిగితే పేరు ఉండాలి. లేకపోతే కృతజ్ఞతలు చాలు.